ఫ్లైట్ ఎక్కగానే ఎమర్జెన్సీ ఎక్విప్‌మెంట్ చెక్: నిజంగా చూస్తారా, టిక్కులేనా?

నువ్వడిగింది ఇదీ: రాజమండ్రి అమ్మాయివి, క్యాబిన్ క్రూ ట్రైనింగ్ అయిపోయింది, వచ్చే వారం నుంచి సూపర్‌న్యూమరరీ ఫ్లైట్లు, అంటే క్రూ లెక్కలో లేకుండా అదనంగా ఎక్కి చూసి నేర్చుకునేవి. క్లాసులో ముప్పై నలభై ఐటమ్స్ చెక్ చెయ్యాలని చెప్పారు, తీరా ఎగిరేవాళ్ళని అడిగితే పది నిమిషాలే ఉంటాయి, సీనియర్లు చూడకుండానే టిక్ పెట్టేస్తారు అన్నారు. మరి అసలు ఎలా చూస్తారు, ఏదైనా తేడా కనిపిస్తే కొత్తగా చేరిన నువ్వు చెప్తే వింటారా అని. నా కూతురి వయసుకి కాస్త పెద్దదానివై ఉంటావు, నువ్వు అనే అంటాను, ఏమనుకోకు.

ముందు సూటిగా చెప్పేస్తా. పది నిమిషాలు కూడా అక్కర్లేదు, నీ స్టేషన్ వరకు ఐదారు నిమిషాలు చాలు. విమానం మొత్తం నువ్వొక్కదానివే చూడవు కదా, మన దగ్గర యాభై సీట్లకి ఒక క్రూ లెక్క, 180 సీట్ల ఏ320 జెట్ విమానంలో నలుగురు ఉంటారు, ఎవరి తలుపు, ఎవరి జంప్‌సీట్ (క్రూ కూర్చునే మడత సీటు) చుట్టూ ఉన్నవి వాళ్ళవి, స్టేషన్ అంటే అదే. టిక్ పెట్టేసేవాళ్ళు ఉన్నారా అంటే ఉన్నారమ్మా, అబద్ధం ఎందుకు, మొదటి ఏడాది నేనూ పెట్టాను. వింటారా అంటే వింటారు, కాకపోతే ఎప్పుడు చెప్పావు, ఎలా చెప్పావు అన్నదాన్ని బట్టి ఉంటుంది, అది కింద చెప్తా.

ఒక్కటే పద్ధతి: ప్రతి దాన్నీ చేత్తో తాకు, మూడే చూడు. ఉండాల్సిన చోట ఉందా, సీలూ డేటూ బాగున్నాయా, గేజ్ గానీ లైట్ గానీ ఏం చెప్తోంది. ముప్పై ఐటమ్స్ గుర్తుపెట్టుకోవడం కష్టం గానీ ఈ మూడు ప్రశ్నలు అన్నిటికీ పనికొస్తాయి.

నేను ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం మీద మొదలుపెట్టి తర్వాత ఏ320 కి మారాను, మొత్తం పదహారేళ్ళు ఎగిరి ఇప్పుడు కొత్త బ్యాచ్‌లకి ఎస్ఈపీ, అంటే సేఫ్టీ, ఎమర్జెన్సీ క్లాసులు చెప్తున్నాను. కింద చెప్పేదంతా నా అనుభవం, మీ కంపెనీ మాన్యువల్‌లో వేరేగా ఉంటే మాన్యువలే కరెక్ట్, నేను కాదు.

చేత్తో తాకమని ఎందుకు అంటున్నానంటే, ఏటీఆర్ నుంచి ఏ320 కి వచ్చిన కొత్తలో ఒక పర్సర్ మేడమ్, అంటే క్యాబిన్ క్రూకి హెడ్, ఉండేవారు, అందరూ భయపడేవాళ్ళు ఆవిడంటే. నేను చెకింగ్ అయిపోయింది మేడమ్ అని షీట్ ఇస్తే, చూడను కూడా చూడకుండా జంప్‌సీట్‌లో కూర్చో, కళ్ళు మూసుకో, నీ బీసీఎఫ్ (మంట ఆర్పే సిలిండర్) ఎక్కడుందో పట్టుకో అన్నారు. నా చెయ్యి నేరుగా పాత విమానంలో ఉండే వైపుకి వెళ్ళింది, అక్కడ ఉత్త గోడ. రెండు నిమిషాల ముందే దానికి టిక్ పెట్టాను నేను! కళ్ళు చూశాయి గానీ ఒంటికి ఎక్కలేదన్నమాట. పొగ వస్తే కళ్ళు ఎలాగూ పనిచెయ్యవు అని ఒక్క మాట అని ఆవిడ గ్యాలీలోకి, అంటే విమానంలో వంటగది లాంటి చోటుకి, వెళ్ళిపోయారు. ఆ రోజు సిగ్గుతో చచ్చాను, కానీ తర్వాత పదేళ్ళు ప్రతి ఫ్లైట్లో అదే చేశాను, కూర్చుని కళ్ళు మూసి టార్చ్, బీసీఎఫ్, పీబీఈ (పొగలో తలకి తొడుక్కునే హుడ్) మూడూ చేతికి అందుకుని చూడ్డం. ముప్పై సెకన్ల పని.

ఇంకో సంగతి, ఒకే ఫ్లీట్ అయినా అన్ని విమానాలూ ఒకలా ఉండవు. లీజు మీద వచ్చినవి ఉంటాయి, వేరే దేశంలో వేరే కంపెనీ నడిపి మనకి ఇచ్చినవి, వాటిలో ఆక్సిజన్ బాటిల్ వెనక గ్యాలీ దగ్గర కాకుండా చివరి వరస పైన బిన్‌లో, అదే సామాను అరలో, ఉంటుంది, మెగాఫోన్ ఎడమ బదులు కుడివైపు ఉంటుంది. అందుకే బ్రీఫింగ్‌లోనే రిజిస్ట్రేషన్ నంబర్ చూసుకుని ఆ విమానం లేఅవుట్ కార్డ్ ఒకసారి తిరగెయ్యి. నిన్న ఎక్కిన విమానం గుర్తులతో ఇవాళ విమానం ఎక్కితే నాకు జరిగిందే నీకూ జరుగుతుంది.

సరే, వరస. నేనెప్పుడూ జంప్‌సీట్ దగ్గరే మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిశలో వెళ్తాను, మధ్యలో ఎవరైనా పిలిచినా వెళ్ళొచ్చి మళ్ళీ అక్కడి నుంచే కాకుండా మొదటి నుంచి చూస్తాను, ఎందుకంటే వదిలేసినవన్నీ ఎవరో పిలిచినప్పుడు వదిలేసినవే. కేటరింగ్ వాళ్ళు మీల్స్ కౌంట్ అడుగుతారు, క్లీనింగ్ వాళ్ళు సంతకం అడుగుతారు, గ్రౌండ్ స్టాఫ్ వీల్‌చైర్లు ఎన్ని అని వస్తారు, అన్నీ అదే ఐదు నిమిషాల్లో. ఒక్క నిమిషం భయ్యా అనడం నేర్చుకో, అది కూడా ఈ ఉద్యోగంలో స్కిల్లే.

జంప్‌సీట్: దించి వదిలేస్తే దానంతటదే పైకి మడుచుకోవాలి. మడుచుకోకపోతే అది సీటు కాదు, తలుపుకి అడ్డం. బెల్ట్ లాగి చూడు, భుజాల బెల్ట్ జర్క్ ఇస్తే లాక్ అవ్వాలి. కింద క్రూ లైఫ్ జాకెట్ ఉందో లేదో చూడు, మనది రంగు వేరేగా ఉంటుంది, ప్యాసింజర్లది పసుపు. డెమోకి వాడే జాకెట్ తీసుకెళ్ళి పొరపాటున అసలుదాని చోట పెట్టేసిన ఘనులు ఉన్నారు, నేను రెండుసార్లు పట్టుకున్నాను. డెమో జాకెట్‌లో గ్యాస్ సిలిండర్ ఉండదు, నీళ్ళలో లాగితే ఏం జరగదు.

టార్చ్: దాని మీద చిన్న ఎర్ర లైట్ మెరుస్తూ ఉంటుంది, మామూలుగా మూడు నాలుగు సెకన్లకి ఒకసారి. మేము వాడినవాటిలో పది సెకన్లు దాటినా మెరవలేదంటే బ్యాటరీ అయిపోయినట్టే. అంటే టార్చ్ చూడాలంటే అక్కడ నిలబడి ఓపిగ్గా లెక్కపెట్టాలి, అందరూ ఎగ్గొట్టేది ఇక్కడే. ఒకసారి వైజాగ్‌లో తెల్లవారుజామున, ఇంకా బోర్డింగ్ మొదలవలేదు, ఎమర్జెన్సీ లైట్స్ కూడా ఆర్మ్ చెయ్యలేదు, అంటే పవర్ పోతే వాటంతటవే వెలిగేలా పెట్టలేదు, గ్రౌండ్ పవర్ పోయింది. క్యాబిన్ అంతా చీకటి. నాకంటే ముందు చేరిన అబ్బాయి టార్చ్ లాగాడు, అది బ్రాకెట్ లోంచి తియ్యగానే దానంతటదే వెలగాలి, వెలగలేదు. పవర్ అర నిమిషంలో వచ్చేసింది, ఎవరికీ ఏం కాలేదు, మేము నవ్వుకున్నాం కూడా. కానీ చెక్ షీట్‌లో దానికెదురుగా చక్కగా టిక్ ఉంది, ఆ టిక్ పెట్టి నాలుగు నిమిషాలు కూడా కాలేదు.

బీసీఎఫ్, అదే హేలాన్ సిలిండర్: గేజ్ ముల్లు పచ్చలో ఉండాలి, పిన్నూ సీలూ తెగకూడదు, బ్రాకెట్ క్లిప్ గట్టిగా పట్టి ఉండాలి. 61 నుంచి 200 సీట్ల విమానంలో కనీసం మూడు ఉండాలని రూలు. ఇది నొక్కితే సుమారు పది సెకన్లే వస్తుంది, కాబట్టి ముల్లు కొంచెం కిందకి ఉంది గానీ పర్లేదులే అనే మాట దీనికి చెల్లదు, ఉన్నదే పది సెకన్లు. పవర్ బ్యాంక్ అంటుకున్నప్పుడు హేలాన్‌తో మంట ఆర్పాక నీళ్ళు పోసి చల్లార్చాలని క్లాసులో చెప్పే ఉంటారు, అందుకే నేను బీసీఎఫ్ చూసినప్పుడే గ్యాలీలో నీళ్ళ సీసాలు ఎక్కించారా, ఫైర్ గ్లవ్స్ ఉన్నాయా అని కూడా చూసుకుంటాను. షీట్‌లో నీళ్ళ సీసాలు ఉండవు, అది నా అలవాటు అంతే.

పీబీఈ, మనం స్మోక్ హుడ్ అంటాం: దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను ఎందుకంటే అందరూ దీని డబ్బా చూసి టిక్ పెడతారు. డబ్బా ముఖ్యం కాదు, లోపల ప్యాకెట్‌లో గాలి చొరబడిందా లేదా అన్నది ముఖ్యం. దీంట్లో ఆక్సిజన్ రసాయనం వల్ల పుడుతుంది, ఆ రసాయనానికి తేమ తగిలితే ముందే పాడైపోతుంది. అందుకే కొన్ని మోడల్స్‌లో తేమ చూపించే చిన్న గుండ్రటి బిళ్ళ కనిపించేలా కిటికీ ఇస్తారు, నీలంగా ఉంటే మంచిది, గులాబీ రంగుకి తిరిగితే పనికిరాదు. ఇంకొన్ని మోడల్స్‌లో వ్యాక్యూమ్ ప్యాకెట్ ఇటుకలా గట్టిగా ఉండాలి, మెత్తగా నొక్కుకుపోతే లీకైనట్టు. మీ ఫ్లీట్‌లో ఏ మోడలో కనుక్కో, రెండూ కలిసి ఉండే కంపెనీలు కూడా ఉన్నాయి, రెండిటి చెకింగూ వేరు. ఈ హుడ్ సుమారు పదిహేను నిమిషాలు పనిచేస్తుంది, ఆ పదిహేను నిమిషాలు నిప్పు దగ్గరికి వెళ్ళేది నువ్వే, ప్యాసింజర్ కాదు. మా ఎయిర్‌పోర్ట్‌కి సీల్ తెగిన పీబీఈ ఒకటి మూడు సెక్టార్లు, అంటే మూడు ట్రిప్పులు, తిరిగి వచ్చింది, మూడు క్రూలు టిక్ పెట్టాయి. పట్టుకున్నది ఎవరో తెలుసా, డ్యూటీలో చేరి పట్టుమని పదిరోజులు కాని ఒక పిల్ల, క్లాసులో చెప్పినట్టే చేత్తో తీసి చూసింది కాబట్టి.

పోర్టబుల్ ఆక్సిజన్ బాటిల్: నిండుగా ఉంటే గేజ్ 1800 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. మామూలుగా వాడే పెద్ద బాటిల్ 310 లీటర్లు, నిమిషానికి రెండు లీటర్లు ఇస్తే 155 నిమిషాలు, నాలుగు లీటర్లు ఇస్తే దాదాపు 77 నిమిషాలు, లెక్క నువ్వే వేసుకోవచ్చు. చిన్న బాటిల్ 120 లీటర్లు, ఎక్కువ ఫ్లోలో అరగంటే. కాబట్టి గేజ్ చూసినప్పుడు ముల్లు మాత్రమే కాదు ఇది ఏ సైజు బాటిల్ అని కూడా చూడు. మాస్క్ ఉందా, ట్యూబ్ బాటిల్‌కి తగిలించి ఉందా, బాటిల్ నిండుగా ఉండి మాస్క్ లేకపోతే అది ఇనప ముక్క. చేతికి లోషనో క్రీమో రాసుకుని దాన్ని ముట్టుకోకు, ఆయిల్‌కీ ఆక్సిజన్‌కీ పడదు, లిప్‌బామ్ కూడా అంతే.

2005 ఆగస్టు 14న గ్రీస్‌లో హీలియోస్ 522 అనే ప్యాసింజర్ విమానం కూలింది, 121 మంది పోయారు, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గి దాదాపు అందరూ స్పృహ తప్పారు. పైన నుంచి పడే మాస్కులు పన్నెండు పదిహేను నిమిషాలకి మించి రావు. ఆ విమానంలో ఒక స్టీవార్డ్ మాత్రం చివరి దాకా మెలకువగా ఉండి కాక్‌పిట్‌లోకి వెళ్ళాడు, పోర్టబుల్ బాటిల్స్ సాయంతోనే అయ్యుంటుందని అంటారు. ఇంజన్లు ఆగిపోయే టైమ్‌కి వెళ్ళగలిగాడు, విమానాన్ని కాపాడలేకపోయాడు, అది వేరే సంగతి. నేను బాటిల్ గేజ్ ముందు నిలబడ్డప్పుడల్లా ఆ మనిషి గుర్తొస్తాడు.

నాకు జరిగింది చెప్తా. హైదరాబాద్‌లో క్రూ చేంజ్, మధ్యాహ్నం. వచ్చిన క్రూ బ్యాగులు సర్దుకుని దిగిపోయారు, నేను వెనక బాటిల్ చూస్తే గేజ్ 900 దగ్గర ఉంది. అంతకుముందు సెక్టార్‌లో ఎవరో పెద్దాయనకి కళ్ళు తిరిగితే ఇచ్చారంట, క్యాబిన్ లాగ్‌లో రాయలేదు. మర్చిపోయారు పాపం, వాళ్ళు ఆ రోజు నాలుగో సెక్టార్. నేను పర్సర్‌కి చెప్పాను, ఆయన కెప్టెన్‌కి చెప్పారు, ఇంజనీర్ వచ్చి మార్చేసరికి ఇరవై నిమిషాలు. ఈలోగా గ్రౌండ్ స్టాఫ్ తలుపు దగ్గర నిలబడి మేడమ్ బోర్డింగ్ ఇచ్చెయ్యమంటారా, మేడమ్ ఇచ్చెయ్యమంటారా అని ప్రతి నిమిషం. బస్సులో ప్యాసింజర్లు ఏసీ లేక గోల. ఆ ఫ్లైట్లో ఆ బాటిల్ ఎవరికీ అవసరం పడలేదు, మామూలుగా వెళ్ళి మామూలుగా దిగాం. అందుకని నేను తప్పు చేశానా అంటే కాదు, మళ్ళీ అదే జరిగినా అదే చేస్తాను, అంతే.

మెగాఫోన్: చాలామంది దీన్ని బొమ్మలా చూస్తారు. 99 కంటే ఎక్కువ సీట్లుంటే రెండు ఉండాలి, ముందొకటి వెనకొకటి. ట్రిగ్గర్ చిన్నగా నొక్కితే క్లిక్ శబ్దం వస్తుంది, అది చాలు, హలో హలో అని అరవక్కర్లేదు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 దిగుతూ కోస్ట్ గార్డ్ విమానాన్ని గుద్దింది కదా, ఆ చిన్న విమానంలో ఐదుగురు పోయారు గానీ పెద్ద విమానంలో 379 మందీ బయటపడ్డారు. అక్కడ అనౌన్స్‌మెంట్ సిస్టమ్ పనిచెయ్యలేదు, క్రూ మెగాఫోన్‌తోనూ గొంతులతోనూ నడిపించారు, ఎనిమిది తలుపుల్లో మూడే వాడగలిగారు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది గానీ పొద్దున ఆ మెగాఫోన్ క్లిక్ మనిపించి చూసిన మనిషిని ఎవరూ చూడలేదు.

తలుపు: ఇది ఫ్లీట్‌ని బట్టి చాలా మారుతుంది. ఏ320 లో స్లైడ్ (ఎమర్జెన్సీలో గాలి నిండి జారుడుబల్లలా విచ్చుకునేది) గేజ్ పచ్చలో ఉండాలి, అలాగే తలుపుని తోసే డ్యాంపర్‌కి కూడా గేజ్ ఉంది, రెండోది మర్చిపోతారు. స్లైడ్ ఆర్మ్ అయితే, అంటే తలుపు తెరవగానే విచ్చుకునేలా సిద్ధమైతే, తెల్ల లైట్, లోపల ప్రెషర్ ఉంటే ఎర్ర లైట్. సేఫ్టీ పిన్ను ఎర్ర రిబ్బన్‌తో సహా ఎక్కడ ఉండాలో అక్కడ ఉండాలి. బోయింగ్ 737 అయితే గర్ట్ బార్, అంటే స్లైడ్‌ని నేలకి పట్టి ఉంచే కడ్డీ, చేత్తో నేల బ్రాకెట్‌లో పెట్టాలి, కిటికీకి అడ్డంగా ఎర్ర స్ట్రాప్ కట్టాలి. ఇక ఏటీఆర్‌లో అసలు స్లైడే లేదు, తలుపే మెట్లు, నేల దగ్గరగానే ఉంటుంది కదా. మన రాజమండ్రి, కడప వైపు తిరిగేవి ఎక్కువ ఏటీఆర్‌లే, నిన్ను దాని మీద వేస్తే క్యాబిన్‌లో ఇద్దరే ఉంటారు, సామాను తక్కువే గానీ నీ తప్పు చూసి సరిదిద్దడానికి మూడో మనిషి ఉండదు.

లావెటరీ, అదే టాయిలెట్: కొత్తవాళ్ళు దీన్ని ఎమర్జెన్సీ చెక్‌లో భాగం అనుకోరు, క్లీనింగ్ చెక్ అనుకుంటారు. స్మోక్ డిటెక్టర్ మీద కవరో కాగితమో అంటించి ఉందా చూడు, సిగరెట్ తాగేవాళ్ళు చేసే పని అది. చెత్తబుట్ట మూత స్ప్రింగ్‌తో టక్కున మూసుకోవాలి, తెరుచుకుని ఉండిపోతే లోపల మంటకి గాలి అందుతుంది. బుట్ట పైన చిన్న ఆటోమేటిక్ ఎక్స్‌టింగ్విషర్ ఉంటుంది, దాని పక్కన వేడి చూపించే స్ట్రిప్ ఉంటుంది, చుక్కలు నల్లబడితే అక్కడ వేడి పుట్టిందని అర్థం. సిగరెట్ నిషేధం కదా మరి తలుపు దగ్గర ఆష్‌ట్రే ఎందుకు అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. ఆర్పమని చెప్తే వాడు ఎక్కడో ఒకచోట ఆర్పాలిగా, ఆ చోటు టిష్యూ పేపర్ల బుట్ట కాకూడదు. 1973 లో వారిగ్ 820 అనే విమానంలో పారిస్ దగ్గర ఇలాగే, వెనక టాయిలెట్‌లో మొదలైన మంట, 123 మంది పోయారు, ఎక్కువమంది పొగకే. సిగరెట్ పీక బుట్టలో పడి ఉంటుందని అనుమానించారు. ఆష్‌ట్రే కూడా చెక్ లిస్ట్‌లో ఉండేది అందుకే.

లైఫ్ జాకెట్లు: మన దగ్గర ఇదొక తలనొప్పి, సీటు కింద నుంచి పట్టుకుపోతారు. ఏం చేసుకుంటారో ఆ దేవుడికే తెలియాలి, ఊళ్ళో చెరువులో ఈత నేర్చుకుంటారేమో. 180 సీట్లు వంగి చూడ్డం అంటే నడుము పోతుంది, నేను నడవలో వంగుని టార్చ్ వేసి వరస చివరి నుంచి చూస్తాను, ప్యాకెట్ కనిపిస్తుంది లేదా ఖాళీ చీకటి కనిపిస్తుంది, అనుమానం వస్తే చెయ్యి పెడతాను. పసిపిల్లల జాకెట్లు వేరే చోట ఉంటాయి, అవి లెక్కపెట్టు. మనం సముద్రం మీద ఎగరం కదా అనేవాళ్ళకి ఒక మాట. 2009 జనవరి 15న న్యూయార్క్ హడ్సన్ నదిలో దిగిన ఏ320, అది బయలుదేరింది షార్లెట్ అనే ఊరికి, సముద్రం దాటే ఫ్లైట్ కాదు. ఆ రూట్‌కి రూలు ప్రకారం అవసరం లేకపోయినా ఆ విమానంలో అదృష్టం కొద్దీ నీళ్ళ మీద తేలే స్లైడ్‌రాఫ్టులు ఉన్నాయి. 155 మందీ బతికారు. అయినా చాలామంది జాకెట్ లేకుండానే రెక్క మీదికి వచ్చేశారు. అక్కడ ఉండీ తీసుకోలేదు, మన దగ్గర తీసుకుందామన్నా ఉండదంటే ఎలా.

మిగతావి త్వరగా చెప్తా. ఫస్ట్ ఎయిడ్ కిట్ 100 సీట్ల వరకు ఒకటి, 200 వరకు రెండు, సీల్ నంబర్ షీట్‌లో ఉన్నదీ కిట్ మీద ఉన్నదీ ఒకటే అవ్వాలి. డాక్టర్ కిట్‌కి కూడా అంతే. ఏఈడీ, అంటే గుండె ఆగితే షాక్ ఇచ్చే యంత్రం, ఉంటే దాని స్టేటస్ గుర్తు చూడు. ఈఎల్‌టీ (విమానం కూలితే ఎక్కడుందో తెలిపే ట్రాన్స్‌మిటర్) ఉండాల్సిన చోట ఉందో లేదో చూడు, స్విచ్ జోలికి వెళ్ళకు, అది 406 మెగాహెర్ట్జ్ మీద శాటిలైట్‌కి సిగ్నల్ పంపుతుంది, మన దేశంలో ఆ సిగ్నల్స్ అందుకునే కేంద్రం బెంగళూరులో ఇస్రో ఇస్ట్రాక్‌లో ఉంది, నువ్వు షంషాబాద్‌లో దుమ్ము దులుపుతూ ఆన్ చేస్తే అక్కడ మనుషులు ఉలిక్కిపడతారు. సెక్యూరిటీ సెర్చ్, అంటే ఎవరైనా ఏమైనా వదిలేశారా అని వెతకడం, ఇది వేరే చెక్, రెండూ కలిపి చెయ్యకు, వెతికే కన్ను వేరు, గేజ్ చదివే కన్ను వేరు.

ఉండటం వేరు, అందటం వేరు. ఎక్విప్‌మెంట్ ఉన్న బిన్‌లో దుప్పట్లు కుక్కడం, క్రూ బ్యాగ్ అడ్డం పెట్టడం, మీల్ కార్ట్ బీసీఎఫ్ ముందు పార్క్ చెయ్యడం, ఇవన్నీ మనవాళ్ళే చేస్తారు. చెక్ చేసినప్పుడు బాగానే ఉంటుంది, బోర్డింగ్ అయ్యేసరికి దాని ముందు ఎవరిదో ట్రాలీ బ్యాగ్. కాబట్టి తలుపులు మూశాక ఇంకోసారి ఆ బిన్ తెరిచి చూడు, చెక్ షీట్‌లో ఈ రెండోసారి ఉండదు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, వింటారా అని. బోర్డింగ్ మొదలవ్వకముందు చెప్పింది అందరూ వింటారు, బోర్డింగ్ మధ్యలో చెప్పింది అందరికీ కోపం తెప్పిస్తుంది, కానీ అప్పుడైనా చెప్పాల్సిందే. ఏమి చెప్పాలో కూడా చెప్తా. మేడమ్ ఇది కొంచెం డౌట్‌గా ఉంది అనకు. ఎల్2 (ఎడమవైపు వెనక తలుపు) దగ్గర పీబీఈ సీల్ తెగి ఉంది, నేను తాకి చూశాను, మీరొకసారి చూస్తారా అను. ఏ వస్తువు, ఎక్కడ, ఏం కనిపించింది, మూడు ముక్కలు. ఇక అది లేకుండా ఎగరొచ్చా లేదా అనేది నీ నిర్ణయం కాదు, పర్సర్‌ది కూడా కాదు. ఎంఈఎల్ అనే లిస్ట్ ఉంటుంది, ఏది ఎంతకాలం లేకపోయినా ఏ షరతు మీద వెళ్ళొచ్చో దాంట్లో రాసి ఉంటుంది, కెప్టెనూ ఇంజనీరూ చూసుకుంటారు. కొన్నిసార్లు వెళ్దాం అంటారు, అప్పుడు నీ మాట వినలేదని బాధపడకు, విన్నారు కాబట్టే ఎంఈఎల్ తెరిచారు. లాగ్‌లో ఎక్కిందో లేదో మాత్రం చూడు, పైన చెప్పిన 900 బాటిల్ కథ నీ తర్వాతి క్రూకి జరక్కూడదు కదా.

తప్పుగా చెప్తే పరువు పోతుందేమో అని భయమా? నాది పోయింది, చెప్తా విను. చేరిన ఆరు నెలలకి ఒక ఎక్స్‌టింగ్విషర్ మీద డేటు 03/07 అని చూసి, ఏడో నెల మూడో తారీఖు, డేటు దాటిపోయింది అని హడావుడి చేశాను, కెప్టెన్ గారు స్వయంగా వెనక్కి నడిచొచ్చారు. చూస్తే అది అమెరికా పద్ధతిలో రాసిన తయారీ తేదీ, మార్చి 7, చెక్ చెయ్యాల్సిన తేదీ వేరే స్టిక్కర్ మీద శుభ్రంగా ఉంది, ఇంకా ఏడాదికి పైగా టైముంది. ఆయన ఏమన్నారంటే, చూశావు కదా సంతోషం, ఈసారి రెండు స్టిక్కర్లూ చూడు అన్నారు. అంతే. గ్యాలీలో వాళ్ళు మాత్రం నెల రోజులు నన్ను మార్చి మేడమ్ అని పిలిచారు. కాబట్టి నువ్వు కూడా తయారీ తేదీకీ గడువు తేదీకీ తేడా ముందే చూసుకో, నెల ముందు రాశారా రోజు ముందు రాశారా అన్నది కూడా.

టిక్ పెట్టేసే సీనియర్ పక్కన పడితే ఏం చెయ్యాలి అని నువ్వు అడగలేదు గానీ అడుగుతావని తెలుసు. వాళ్ళతో వాదించకు, వాళ్ళ స్టేషన్ వాళ్ళది. నీది నువ్వు చూసి, అయిపోయాక మేడమ్ మీ వైపు టార్చ్ కూడా నేను చూడనా, నేర్చుకుంటాను అని అడుగు. కొత్తగా చేరినదానివి కాబట్టి ఎవరూ కాదనరు, ఈ వంక నీకు ఇంకో ఏడాది పనికొస్తుంది, తర్వాత వాడలేవు. నిజం చెప్పాలంటే వాళ్ళు చెడ్డవాళ్ళు కూడా కాదు, రోజుకి నాలుగు సెక్టార్లు, నాలుగుసార్లు అదే గేజ్, నాలుగుసార్లూ పచ్చే, నెలల తరబడి పచ్చే. అలా చూసీ చూసీ కన్ను మొద్దుబారుతుంది. నాకు మొద్దుబారినట్టు అనిపించినప్పుడు వరస తిరగేసి చూసేదాన్ని, జంప్‌సీట్‌తో మొదలుపెట్టకుండా చివర నుంచి. చిన్న చిట్కానే గానీ పనిచేసింది.

సూపర్‌న్యూమరరీ ఫ్లైట్లలో నీకు స్టేషన్ ఉండదు, జంప్‌సీట్ వెనక నిలబడి చూడ్డమే, ఆ రోజుల్ని సర్వీస్ ట్రాలీ నేర్చుకోవడానికే వాడెయ్యకు. చిన్న పాకెట్ పుస్తకంలో ఆ విమానం నంబర్ రాసి, ఏది ఎక్కడుందో బొమ్మ గీసుకో. పది ఫ్లైట్లయ్యేసరికి పది బొమ్మలవుతాయి, తేడాలు నీకే కనిపిస్తాయి. నిన్ను ఏటీఆర్ మీద వేశారో ఏ320 మీద వేశారో రాయలేదు, తెలిశాక చెప్పు, ఏటీఆర్ అయితే ముందువైపు ఎగ్జిట్ల దగ్గర చూడాల్సినవి కొన్ని విడిగా ఉన్నాయి, అవి రాస్తాను.